తూర్పు, పడమర, సామాను: 'తుంగ్‌శి' అనే చైనీస్ మాట పుట్టుక (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇవాళ ఒక్క మాట గురించే మాట్లాడుకుందాం. ఒక్క మాటకి ఇంతసేపా అనుకోకండి. చైనీస్ మొదలుపెట్టిన మొదటి నెలలోనే ఎదురయ్యే మాట ఇది. తుంగ్‌శి. అంటే వస్తువు, సామాను. 'మాయ్ తుంగ్‌శి' అంటే సామాను కొనడం. బజారుకెళ్తున్నా అనాలన్నా ఇదే, ఏమైనా తిన్నావా అని అడగాలన్నా ఇదే. రోజుకి పది సార్లు నోటికొచ్చే మాట.

రాస్తే రెండు అక్షరాలు. మొదటిది తుంగ్, అంటే తూర్పు. రెండోది శి, అంటే పడమర. తూర్పునీ పడమరనీ పక్కపక్కన పెడితే సామాను ఎలా అయింది? అదొక ప్రశ్న. దానికంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది. చైనీస్ అక్షరాలు బొమ్మల నుంచి పుట్టాయంటారు కదా, మరి తూర్పుని బొమ్మ గీసి చూపించడం ఎలా? చెట్టుని గీయొచ్చు. ఎద్దుని గీయొచ్చు. తూర్పుని గీయండి చూద్దాం! ఏం గీస్తారు? ముందు ఈ రెండో ప్రశ్న తేలాలి. అది తేలకుండా మొదటిదానికి వెళ్తే కట్టుకథల్లో పడతాం. ఇంటర్నెట్టులో ఈ మాట గురించి తిరిగేవాటిలో చాలాభాగం అవే.

ముందు నోరు తిప్పుకుందాం. ఇంగ్లీషు అక్షరాల్లో దీన్ని డి, ఓ, ఎన్, జి, ఎక్స్, ఐ అని రాస్తారు. అది చూసి మనవాళ్ళు 'డాంగ్‌జి' అంటారు, కొందరు 'డోంగ్‌క్సి' అంటారు. ఆ డి మన 'డ' కాదండీ, 'ద' కూడా కాదు. ఒత్తు లేని, గొంతు మోగని శబ్దం. మన 'త'కి బాగా దగ్గర. టి అని రాసేదాన్ని వాళ్ళు మన 'థ'లా ఊపిరి వదులుతూ పలుకుతారు. ఎక్స్ అని రాసేది మన 'శ'. శంకరుడిలో శ, షట్కోణంలో ష కాదు. త, థ వేరు. శ, ష వేరు. ఈ తేడాలన్నీ మన లిపిలో ఉన్నాయి కదా. అందుకని నోట్సు తెలుగులో రాసుకోండి, సగం తప్పులు అక్కడే పోతాయి. పేపర్లలో వచ్చే షాండాంగ్, గ్వాంగ్‌డాంగ్ చివర ఉన్న 'డాంగ్' ఉంది చూశారా, అది కూడా ఈ తుంగే.

ఇక స్వరం. చైనీస్‌లో ఒకే శబ్దాన్ని గొంతు ఎత్తుదింపులు మార్చి పలికితే అర్థం మారిపోతుంది, ఆ ఎత్తుదింపే స్వరం. తుంగ్‌ది మొదటి స్వరం. గొంతు పైస్థాయిలో ఎత్తుకుని, దించకుండా, ఊపకుండా అక్కడే పట్టి ఉంచాలి. శి కూడా విడిగా అంటే మొదటి స్వరమే. కానీ సామాను అనే అర్థంలో వాడేటప్పుడు శి తన స్వరం పోగొట్టుకుంటుంది. పొట్టిగా, కాస్త కింది స్థాయిలో వదిలేస్తారు. తుంగ్, శి. నేను రెండోదాన్ని ఎలా వదిలేశానో విన్నారా? అలా వదలకుండా రెండిటినీ పైనే సాగదీసి పట్టుకుంటే 'తూర్పూ పడమరా' అని అర్థం వస్తుంది. రోడ్డు తూర్పు పడమరలుగా ఉంది అనేటప్పుడు అలా పలకాలి. రాతలో రెండూ ఒకటే, పలుకులోనే తేడా. ఫోనులో టైపు చేసేటప్పుడు స్వరం కొట్టక్కర్లేదు, అక్షరాలు కొడితే మాట వచ్చేస్తుంది. అందుకే నెలల తరబడి తప్పు స్వరంతో తిరిగినా ఫోను ఏమీ చెప్పదు.

చెట్టు వెనక సూర్యుడు

సరే, తూర్పు అక్షరం. బోర్డు మీద పాత రూపం రాస్తున్నాను. తైవాన్, హాంకాంగ్‌లలో ఇప్పటికీ ఇదే. జపాన్‌లో టోక్యో అని రాసేటప్పుడు మొదటి అక్షరం కూడా ఇదే. చూడండి. చెట్టు అనే అక్షరానికి నాలుగు గీతలు: ఒక అడ్డం, ఒక నిలువు, కింద రెండు పక్కలకీ జారే రెండు ఏటవాలు గీతలు. సూర్యుడు అనే అక్షరానికీ నాలుగే: నిలువు పెట్టె, మధ్యలో ఒక అడ్డగీత. ఆ పెట్టెని చెట్టు మధ్యలోకి తోసెయ్యండి. ఎనిమిది గీతల తూర్పు వచ్చేసింది. చెట్టు కొమ్మల మధ్య నుంచి కనిపిస్తున్న పొద్దు. ఎంత బాగుంది! తూర్పుని గీయలేం అన్నాను కదా, గీసేశారు అనిపిస్తుంది. ఒక్కసారి వింటే మరిచిపోరు. ఏ పాఠ్యపుస్తకం తెరిచినా ఈ కథే కనిపిస్తుంది.

ఈ కథ ఎక్కడిది? శ్యూ షెన్ అనే హాన్ కాలపు పండితుడు క్రీ.శ. 100లో ఒక నిఘంటువు పూర్తిచేశాడు, పేరు 'షువోవెన్ చియెట్సి'. 9,353 అక్షరాలు, వాటిలో ఉమ్మడిగా కనిపించే భాగాన్ని బట్టి 540 శీర్షికల కింద పంచాడు. 121లో ఆయన కొడుకు దాన్ని చక్రవర్తికి సమర్పించాడు. అక్షరాల పుట్టుక మీద అంత పద్ధతిగా జరిగిన మొదటి పని అదే. అందులో తూర్పు దగ్గర ఏం రాశాడంటే, ఒకటి, 'తూర్పు అంటే కదలిక' అన్నాడు. కదలిక అనే మాట కూడా తుంగే, స్వరం వేరు. శబ్దం కలిసే మాటతో అర్థం చెప్పడం ఆ రోజుల్లో ఒక పద్ధతి. రెండు, క్వాన్ ఫూ అనే ఆయన చెప్పాడంటూ, 'చెట్టులో సూర్యుడు' అన్నాడు. అంతే. ఈ కథకి పునాది ఆ ఒక్క వాక్యం.

శ్యూ షెన్‌ని తక్కువ చేయడం లేదు నేను. ఆయన లేకపోతే మనం పాత రాతలు చదవగలిగేవాళ్ళమే కాదు. కానీ ఆయన ముందున్న అక్షరాలు ఎప్పటివి? చిన్ వంశం నాటి ముద్ర లిపి, అంటే ముద్రల మీద చెక్కే పాత తరహా రాత, ఇంకొన్ని పాత రూపాలు. అప్పటికే రాత పుట్టి వెయ్యేళ్ళు దాటింది. అక్షరాలు చాలా అరిగిపోయాయి. అరిగిన నాణెం మీద బొమ్మ ఎవరిదో పోల్చుకోవడం లాంటి పని ఆయనది.

అరగని రూపాలు 1899లో బయటపడ్డాయి. వాంగ్ యీరోంగ్ అనే అధికారి, పాత శాసనాలు బాగా తెలిసినవాడు, మందుల దుకాణాల్లో 'డ్రాగన్ ఎముకలు' పేరుతో అమ్ముతున్న ఎముకల మీద రాత ఉందని గుర్తించాడు. అవి హెనాన్ రాష్ట్రంలో ఆన్‌యాంగ్ దగ్గర నుంచి వస్తున్నాయని తర్వాత తేలింది. 1928లో అక్కడ తవ్వకాలు మొదలయ్యాయి. అది షాంగ్ రాజుల చివరి రాజధాని. ఆ రాతలు సుమారుగా క్రీ.పూ. 1250 నుంచి 1046 మధ్యవి. ఎద్దు జబ్బ ఎముక, తాబేలు పొట్ట చిప్ప, వీటికి వెనకవైపు గుంటలు తొలిచి కాల్చేవాళ్ళు. ముందువైపు పగుళ్ళు వచ్చేవి. ఆ పగుళ్ళని చూసి సోదె చెప్పి, అడిగిన ప్రశ్నని పక్కనే కత్తితో చెక్కేవాళ్ళు. కత్తితో ఎముక మీద గుండ్రంగా చెక్కడం కష్టం కదా, అందుకే ఆ రాతలో సూర్యుడు కూడా మూలలు మూలలుగా ఉంటాడు. ఇది గుర్తుంచుకోండి, పెట్టెలా కనిపించిందల్లా పెట్టె కాదు.

శ్యూ షెన్‌కీ ఈ ఎముకలకీ మధ్య పన్నెండు, పదమూడు వందల ఏళ్ళ దూరం. అవి భూమిలో ఉన్న సంగతి ఆయనకి తెలిసే అవకాశమే లేదు.

మూట

మరి ఎముకల మీద తూర్పు ఎలా ఉంది? గీస్తున్నాను. నిలువుగా గొట్టం లాంటి సంచి. పైన ముడి, కింద ముడి. ముడి దాటాక కొసలు పాయలుగా విచ్చుకున్నాయి. చాక్లెట్ కాగితం రెండు కొసలూ మెలితిప్పి ఉంటుంది చూడండి, దాన్ని నిలబెట్టండి, అదే. నడుమ ఉబ్బిన పొట్ట. పొట్ట మీద కొన్నిట్లో అడ్డగీత, కొన్నిట్లో ఇంటూ గుర్తులా రెండు గీతలు, తాడు చుట్టినట్టు. ఇందులో సూర్యుడెక్కడ? అవే ఎముకల మీద సూర్యుడి అక్షరం విడిగా వందల సార్లు ఉంది, ఎక్కడా ఇంటూ గుర్తుతో లేదు. చెట్టెక్కడ? చెట్టుకి కొమ్మలు పైకి, వేళ్ళు కిందికి ఉంటాయి, నిజమే. ఇక్కడ అవి ముడి కొసలు. కాలం గడిచేకొద్దీ పైకొసలు కొమ్మల్లాగా, కిందికొసలు వేళ్ళలాగా, పొట్ట సూర్యుడిలాగా మారిపోయాయి. మారాక చూసినవాడికి చెట్టులో సూర్యుడు కనిపించాడు. శ్యూ చుంగ్‌షూ మొదలైన 20వ శతాబ్దపు పండితులు దీన్ని మూట అక్షరమే అన్నారు, ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే మాట అదే.

ఒక్క అక్షరం చూసి ఇలా అనేస్తే అదీ కథే కాదా? మంచి ప్రశ్న. అందుకే సాక్ష్యం పక్క అక్షరాల్లో వెతకాలి. 'చుంగ్' అనే అక్షరం ఉంది, బరువు అని అర్థం. పాత కంచు పాత్రల మీద అదెలా ఉంటుందంటే, ఒక మనిషి, వీపు మీద ఈ తూర్పు అక్షరం. మనిషి తూర్పుని మోస్తే బరువేమిటి? మూటని మోస్తే బరువు! చెట్టులో సూర్యుడు అనుకుంటే బరువు అక్షరానికి అర్థమే లేదు. మూట అనుకుంటే చటుక్కున అతుకుతుంది. పైగా తుంగ్, చుంగ్ శబ్దాలూ దగ్గరివే, అంటే ఆ మూట అర్థానికీ పనికొచ్చింది, ఉచ్చారణ గుర్తుగానూ పనికొచ్చింది.

ఇప్పుడు అసలు చిక్కు. మూట బొమ్మకి తూర్పు అనే అర్థం ఎందుకు? మూటకీ తూర్పుకీ ఏ సంబంధమూ లేదు. మూట అనే మాటా, తూర్పు అనే మాటా నోటిలో ఒకేలా పలికాయి, అంతే. గీయలేని మాట వచ్చినప్పుడు, అలాగే పలికే గీయగల వస్తువు బొమ్మని అరువు తెచ్చుకున్నారు. చైనా పండితులు అక్షరాల తయారీకి చెప్పిన ఆరు పద్ధతుల్లో ఈ అరువు ఒకటి. పాఠ్యపుస్తకాల్లో దీనికి ఒక పేరా ఇచ్చి వదిలేస్తారు. నన్నడిగితే అసలు పాఠం ఇక్కడే ఉంది. బొమ్మలతో మాత్రమే ఏ భాషనీ రాయలేరు. శబ్దాన్ని అరువు తెచ్చుకున్న రోజే అది లిపి అయింది.

నమ్మకం కుదరలేదా? ఒక ఎముక మీది వాక్యం చూద్దాం. క్వెయ్-మావ్ అనే రోజున వాన గురించి అడిగిన సోదె. 'ఇవాళ వాన పడుతుంది. పడమటి నుంచి వస్తుందా? తూర్పు నుంచి వస్తుందా? ఉత్తరం నుంచి వస్తుందా? దక్షిణం నుంచి వస్తుందా?' నాలుగు దిక్కులూ వరసగా అడిగారు. అందులో తూర్పు వాక్యంలో ఐదే అక్షరాలు. ఒక్కోదాన్నీ బొమ్మగా చదువుతాను, వినండి.

మొదటి అక్షరం, చేట. మన చెరిగే చేటే. రెండోది, ముక్కు. మూడోది, మూట. నాలుగోది, గోధుమ మొక్క. ఐదోది, వాన, పైన గీత, కింద చినుకులు.

చేట, ముక్కు, మూట, గోధుమ, వాన. ఏమైనా అర్థమైందా? దీన్ని షాంగ్ రాజు మనిషి ఎలా చదివాడంటే: చేట శబ్దంతో 'ఏమో, వస్తుందేమో' అనే సందేహం. ముక్కుతో 'నుంచి'. మూటతో 'తూర్పు'. గోధుమతో 'రావడం'. చివర వాన మాత్రం వానే. 'తూర్పు నుంచి వాన వస్తుందా?' ఐదు బొమ్మల్లో తన సొంత అర్థంలో నిలబడింది ఒక్క వాన. మూడు వేల ఏళ్ళ కిందటి వాక్యం ఇది. బొమ్మల లిపి, బొమ్మల లిపి అంటామే, ఆ రోజుకే అది బొమ్మల లిపి కాదు.

అరువిచ్చిన అక్షరాల సంగతేమిటి? చేట అని రాయాలంటే ఇప్పుడు ఏం చేయాలి? అక్షరం పోయింది కదా! అందుకని చేట నెత్తిన వెదురు గుర్తు చేర్చి కొత్త అక్షరం చేశారు, చేట వెదురుతో అల్లుతారు కాబట్టి. ముక్కుకి కింద ఇంకో భాగం తగిలించి శబ్దం సూచించారు. ఉత్తరం అనే అక్షరం అసలు వీపు వీపూ తగిలేలా నిలబడ్డ ఇద్దరు మనుషులు, అంటే 'వీపు'. ఉత్తరానికి అరువు పోయాక వీపు కింద మాంసం గుర్తు చేరింది. యుద్ధంలో ఓడిపోవడాన్ని ఇప్పటికీ చైనీస్‌లో 'పాయ్‌పెయ్' అంటారు. రెండో అక్షరం ఉత్తరమే. ఉత్తర దిక్కుకి పారిపోయారని కాదు, వీపు చూపించారని. పాత అర్థం అక్కడ దాక్కుంది.

పడమర

ఇక పడమర, శి. దీనిమీద శ్యూ షెన్ ఇంకా అందంగా చెప్పాడు: పిట్ట గూటి మీద వాలింది. పొద్దు పడమటికి వాలేసరికి పిట్టలు గూళ్ళకి చేరతాయి, అందుకే గూడు అక్షరం పడమర అయింది. ఈ కథని పూర్తిగా కొట్టెయ్యలేం, పూర్తిగా ఒప్పుకోనూ లేం. ముద్ర లిపిలో పైన వంకరగీత ఉంది, దాన్ని ఆయన పిట్ట అన్నాడు. ఎముకల మీద ఆ వంకరగీత లేదు. అంటే పిట్ట తర్వాత వచ్చి వాలింది. కింద ఉన్న ఆకారం మాత్రం ఉంది, లోపల అల్లినట్టు గీతలతో. గూడు అని కొందరు, అల్లిన బుట్ట అని కొందరు. ఈ వాదం ఇంకా నడుస్తోంది. శబ్దం మాత్రం శ్యూ షెన్ వైపు ఉంది. పిట్ట వాలడం అనే మాటా పడమర అనే మాటా పాతకాలంలో ఒకేలా పలికేవి. వాలడం అని రాయడానికి తర్వాత పడమర పక్కన చెట్టు గుర్తు చేర్చుకున్నారు. చేట నెత్తిన వెదురు పెట్టినట్టే. అంటే ఇదీ అరువే, పొద్దు వాలినప్పుడు పిట్ట వాలుతుందన్న వ్యాఖ్యానం తర్వాత చేర్చిన అలంకారం.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. తూర్పు-పడమర సామాను ఎలా అయింది?

ఇంతసేపు విన్నాక మీలో కొందరికి ఒక ఆలోచన వచ్చే ఉంటుంది. తూర్పు అంటే మూట, పడమర అంటే బుట్ట, మూటా బుట్టా కలిస్తే సామాను! వచ్చిందా? చాలా ముచ్చటగా ఉంది, కాదనను. కానీ నిలబడదు. ఎందుకంటే కాలం కుదరదు. క్రీ.శ. 100 నాటికే తూర్పులో మూట ఉందని మరిచిపోయారు. శ్యూ షెన్ లాంటివాడికే కనబడలేదు. సామాను అనే అర్థం వాడుక భాషలో స్థిరపడింది ఆ తర్వాత ఎన్నో వందల ఏళ్ళకి. మరిచిపోయిన మూటని ఎవరు గుర్తుపెట్టుకుని మాట కట్టారు? మాట పుట్టుక వేరు, అక్షరం పుట్టుక వేరు. ఈ రెండిటినీ కలిపేయడమే ఈ విషయంలో జరిగే పెద్ద పొరపాటు.

పాత గ్రంథాల్లో వస్తువుకి 'ఊ' అనే వేరే మాట ఉంది, ఎద్దు గుర్తుతో రాస్తారు. తూర్పు-పడమర అంటే దిక్కులే, లేదా దిక్కులు పట్టి తిరగడం. 'లీ చీ' అనే ఆచార గ్రంథంలో కన్ఫ్యూషియస్ తనని తాను 'తూర్పు పడమర దక్షిణం ఉత్తరాల మనిషిని' అంటాడు, ఊళ్ళు పట్టుకు తిరిగేవాణ్ణని. నాలుగు దిక్కులకి రెండు దిక్కులే చెప్పి ఊరుకోవడం, అక్కడా ఇక్కడా ఉన్నదంతా అనే భావం రావడం, ఆ ఉన్నదంతా ఆస్తిపాస్తులు కావడం, చివరికి చేతిలో ఉన్న ఏ వస్తువైనా కావడం, ఇదీ చాలామంది ఊహించే దారి.

జనం చెప్పుకునే కథలు వేరే ఉన్నాయి. థాంగ్ వంశపు రాజధాని ఛాంగాన్‌లో, ఇప్పటి శియాన్ నగరంలో, రెండు పెద్ద అంగళ్ళుండేవి: తూర్పు అంగడి, పడమటి అంగడి. అది నిజం. మధ్యాహ్నం మూడు వందల డోలు దెబ్బలతో తెరిచేవాళ్ళు, పొద్దు కుంకడానికి ముందు మూడు వందల గంట దెబ్బలతో మూసేవాళ్ళు. తూర్పులోనో పడమరలోనో కొనాలి కాబట్టి కొన్నదాన్ని తూర్పు-పడమర అన్నారని కథ. అంగళ్ళు నిజం, మాటకి వాటితో ముడి మాత్రం ఎవరూ చూపించలేదు.

ఇంకోటి మింగ్ వంశపు చివరి చక్రవర్తి ఛుంగ్‌చెన్‌దట. 'అంగట్లో తూర్పు-పడమర కొంటామంటారు, దక్షిణం-ఉత్తరం కొంటామనరేం?' అని అడిగాడు. మంత్రి చౌ యెన్‌రూ తడుముకోకుండా చెప్పాడు: 'దక్షిణం నిప్పు, ఉత్తరం నీరు. చీకటిపడ్డాక ఎవరి తలుపు తట్టి నిప్పో నీళ్ళో అడిగినా ఇవ్వననేవాడు లేడు. ఊరికే దొరికేదాన్ని కొనడం ఎందుకు?' చైనా పంచభూతాల లెక్కలో తూర్పు కొయ్య, పడమర లోహం, దక్షిణం నిప్పు, ఉత్తరం నీరు, నడుమ మట్టి. మంత్రిగారి చమత్కారానికి దణ్ణం పెట్టాలి. కానీ రాజు ప్రశ్న అడిగేనాటికే ఆ మాట అంగళ్ళలో నలిగిపోయి ఉంది. పుట్టుక చెప్పే కథ కాదది, ఉన్నదాన్ని సమర్థించే కథ.

తూర్పు, పడమర అక్షరాలు మన నేల మీదకి కూడా వచ్చాయి. క్రీ.శ. 645లో స్వదేశం చేరిన హ్యూయన్ త్సాంగ్ మరుసటి ఏడు తన యాత్రావృత్తాంతం ముగించాడు. ఆ పుస్తకం పేరులోనే పడమర ఉంది, 'పడమటి దేశాల' వృత్తాంతం. మనం వాళ్ళకి పడమర కదా. అందులో ధాన్యకటకం దగ్గర ఇలా రాశాడు: నగరానికి తూర్పున కొండ మీద పూర్వశైల విహారం, పడమట కొండ మీద అవరశైల విహారం. ముందు మన పేర్లని శబ్దం కోసం చైనీస్ అక్షరాల్లో రాశాడు. పక్కనే, థాంగ్ భాషలో, అంటే చైనీస్‌లో, 'తుంగ్‌షాన్' అంటే తూర్పు కొండ, 'శిషాన్' అంటే పడమటి కొండ, అని అర్థం ఇచ్చాడు. మన బౌద్ధ చరిత్రలో పూర్వశైలీయులు, అపరశైలీయులు అని చదువుతామే, వాళ్ళ విహారాలే. ఆ కొండలు అమరావతి వైపువా, విజయవాడ వైపువా అని పురాతత్వవేత్తలు వాదించుకున్నారు. మనకి ఇక్కడ కావాల్సింది ఆయన పద్ధతి. 'పూర్వశైల' అన్న శబ్దాన్ని పట్టుకోవడానికి ఆయన వాడిన అక్షరాలకి వాటి సొంత అర్థాలతో పనిలేదు. ఎముక మీద మూటని తూర్పు చేసిన పనే మళ్ళీ ఇక్కడ, పంతొమ్మిది వందల ఏళ్ళ తర్వాత.

వాడుకలో జాగ్రత్తలు

వాడుక సంగతి కొంచెం. తుంగ్‌శి అంటే చేతితో పట్టుకునేది, తినేది, కొనేది. 'చాలా నేర్చుకున్నాను' అనేటప్పుడు కూడా వస్తుంది. కానీ 'నీతో ఒక విషయం చెప్పాలి', 'నాకు పనుంది', ఇక్కడ తుంగ్‌శి పనికిరాదు. అక్కడ 'షి' అనే వేరే మాట, మన ష, నాలుగో స్వరం. మనవాళ్ళు ఇంగ్లీషులో ఆలోచించి రెండిటికీ ఒకే మాట వాడేస్తారు. తెలుగులో ఆలోచిస్తే చిక్కే లేదు: సామాను అయితే తుంగ్‌శి, పనీ సంగతీ అయితే షి.

మనిషిని తుంగ్‌శి అనకూడదు. 'నువ్వేం తుంగ్‌శివి' అంటే కొట్లాటే. సరే, 'నువ్వు తుంగ్‌శివి కావు' అంటే మర్యాదా? అది ఇంకా పెద్ద తిట్టు, వస్తువు పాటి కూడా చేయవని. అటు తిప్పినా ఇటు తిప్పినా తిట్టే! ముందు 'ముసలి' చేరిస్తే తిట్టు, 'చిన్న' చేరిస్తే మాత్రం ముద్దు, పసిపిల్లల్నీ పిల్లికూనల్నీ అలా పిలుస్తారు.

తూర్పుకి ఇంకో అర్థం ఉంది, చైనాలో వైద్యం చదవడానికి వెళ్ళే మన పిల్లలు మొదటి వారంలోనే వింటారు. ఇంటి ఓనరు 'ఫాంగ్‌తుంగ్', అంటే ఇంటి తూర్పు. 'లీ చీ' ప్రకారం ఇంటాయన తూర్పు మెట్ల వైపు, అతిథి పడమటి మెట్ల వైపు నడవాలి. అందుకని తూర్పు అంటే యజమాని. వాటాదారుడు 'కూతుంగ్', ఇవాళ భోజనం ఖర్చు నాది అనాలంటే 'నేను తూర్పు చేస్తాను' అంటారు. పడమరేమో బయటినుంచి వచ్చినవాటికి అంటుకుంది: పుచ్చకాయ 'శిక్వా', పడమటి కాయ. టమాటా కూడా పడమటిదే.

చివరగా రాత. తప్పులన్నీ ఇక్కడే. చైనాలో, సింగపూర్‌లో ఇప్పుడు రాసేది 1956 సరళీకరణ పథకంలో వచ్చిన రూపం, ఎనిమిది గీతలు ఐదయ్యాయి. గొలుసుకట్టు రాత నుంచి తీసుకున్నారు. ఇందులో చెట్టూ లేదు, సూర్యుడూ లేడు, మూటా లేదు. గీతల వరస చూడండి: ఒకటి, అడ్డం. రెండు, ఎడమకి జారి అక్కడే కుడికి తిరిగే గీత, చెయ్యి ఎత్తకూడదు. మూడు, నిలువు, చివర ఎడమకి చిన్న కొక్కెం. నాలుగు, ఎడమ పక్క జారుడు. ఐదు, కుడి పక్క చుక్క. 'బండి' అనే అక్షరంలో మొదటి రెండు గీతలూ అచ్చం ఇవే. మూడోది అడ్డం, నాలుగోది కొక్కెం లేని నిలువు. మూడో గీత దగ్గర చెయ్యి తప్పితే తూర్పు కాస్తా బండి అవుతుంది.

ఇంకో మోసం: 'సాధన' అనే అక్షరానికి కుడి సగం తూర్పులా కనిపిస్తుంది, కాదు. దాని మూడో గీత ముందు అడ్డంగా వెళ్ళి, తర్వాత కిందికి తిరిగి కొక్కెం వేస్తుంది. నిజంగా తూర్పు ఉన్న అక్షరాల్లో ఉచ్చారణ దాన్ని పట్టిస్తుంది. గడ్డకట్టడం, ఇంటి దూలం, రెండూ తుంగే, నాలుగో స్వరం. 'సాధన'ని లియెన్ అంటారు, అందులో తుంగ్ వినబడదు. చెవికి అనుమానం వస్తే కంటితో మళ్ళీ చూడండి.

నిఘంటువులో వెతికేవాళ్ళకి ఒక మాట. 1716 నాటి కాంగ్‌శీ నిఘంటువులో 214 శీర్షికలు, పాత రూపపు తూర్పు అందులో చెట్టు శీర్షిక కింద ఉంటుంది. ఈ రోజుకీ అక్కడే వెతకాలి. మూట అని తెలిసింది కదా అని వేరేచోట వెతికితే దొరకదు. శీర్షిక వెతకడానికి పెట్టుకున్న ఏర్పాటు, పుట్టుకకి సాక్ష్యం కాదు.

పడమరకి ఆరు గీతలు. అడ్డం, ఎడమ నిలువు, పైనుంచి తిరిగి కుడి నిలువు, లోపల ఎడమకి జారే కాలు, లోపల కిందికి దిగి కుడికి వంగే కాలు, అడుగున మూసే అడ్డం. ఆ రెండో కాలు వంగాలి, కొక్కెం వేయకూడదు. రెండు కాళ్ళూ తిన్నగా గీస్తే అది వేరే అక్షరాల నెత్తిన కూర్చునే రూపం. 'కావాలి' అనే అక్షరం పైన కనిపించేది అదే. దానికి పడమరతో చుట్టరికం లేదు, ఆ 'కావాలి' మొదట్లో నడుము అనే అక్షరం. పైన అడ్డం తీసేస్తే ఐదు గీతల 'నాలుగు' అంకె. లోపల ఇంకో అడ్డం చేరిస్తే ఏడు గీతల మద్యపు కుండ. పక్కన నీటి చుక్కలు పెట్టి కుండ రాస్తే మద్యం, 'చ్యో'. ఆ లోపలి గీత మరిచిపోతే 'సా', నీళ్ళు చల్లడం. దుకాణం బోర్డు చదివేటప్పుడు ఆ గీత ఉందో లేదో చూసుకోండి.

బోర్డు తుడిచేస్తున్నాను. కాగితం తీసి ఐదు అక్షరాలు రాయండి: తూర్పు, బండి, పడమర, నాలుగు, మద్యపు కుండ. గీతలు వరసగా ఐదు, నాలుగు, ఆరు, ఐదు, ఏడు రావాలి. రాసినవాళ్ళు ముందుకి తెండి, లెక్కపెడదాం.